పందొమ్మిదేళ్ళ సశేషం



వారపత్రికలో సీరియల్ చదివే అలవాటున్న ఇల్లాళ్ళకి 'సశేషం' అన్న మాట ఎంత చేదో వేరే చెప్పనక్కరలేదు. కథానాయిక ఉత్తరం విప్పుతుంది, ముఖం పాలిపోతుంది, అంతే, కింద 'సశేషం' అని ఉంటుంది. ఇక ఆ వారం రోజులూ అన్నం వారుస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ ఉత్తరంలో ఏముందా అన్నదే ధ్యాస. పత్రిక ఒక్కరోజు ఆలస్యమైతే పేపరు కుర్రాడి మీద విసుక్కుంటాం. వారానికే మనం ఇలా అయిపోతే, ఒక కథ తరువాయి కోసం పందొమ్మిదేళ్ళు ఎదురుచూసినవాళ్ళ సంగతేమిటంటారు?

ఈవేళ నేను ముచ్చటించబోయేది అలాంటి నిరీక్షణ గురించే. కథ పేరు 'ఇండియానా జోన్స్'. అమెరికావాళ్ళు తీసిన సాహస చిత్రాల వరస ఇది. "ఇంగ్లీషు సినిమా కబుర్లు మాకెందుకమ్మా, పొయ్యి మీద పప్పుంది" అని రేడియో కట్టేయకండి. పని చేసుకుంటూనే వినండి. ఇందులో మన దేశం ప్రసక్తి ఉంది, మనకు బాగా తెలిసిన నటుడున్నాడు, మన ఇళ్ళల్లో తరచూ జరిగే సంగతి కూడా ఒకటి ఉంది.

ముందుగా, చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఇండియానా జోన్స్ ఒక కాలేజీ ప్రొఫెసరు. పాత శిథిలాలు తవ్వి ప్రాచీన వస్తువులు వెలికితీసే పురాతత్త్వ శాస్త్రం చెబుతాడు. క్లాసులో ఉన్నంతసేపూ కళ్ళజోడు పెట్టుకుని, టై కట్టుకున్న పెద్దమనిషి. క్లాసు అయిపోయిందంటే నెత్తిన టోపీ, చేతిలో కొరడా. ఎక్కడో అడవిలోనో ఎడారిలోనో దాగి ఉన్న మహిమ గల వస్తువు కోసం దుర్మార్గులతో పోటీపడి పరుగులు తీస్తుంటాడు. ఇంత ధైర్యవంతుడికీ పామంటే హడలు! ఆ పేరు కూడా తమాషాగా వచ్చిందే. 'ఇండియానా' అన్నది ఈ పాత్రను ఊహించిన జార్జ్ లూకాస్ పెంపుడు కుక్క పేరు.

ఈ వరసలో ఐదు చిత్రాలు వచ్చాయి. మొదటిది 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్', 1981లో. రెండోది 'టెంపుల్ ఆఫ్ డూమ్', 1984లో. మూడోది 'లాస్ట్ క్రూసేడ్', 1989లో. నాలుగోది 'కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్', 2008లో. ఐదోది 'డయల్ ఆఫ్ డెస్టినీ', 2023లో. కాస్త వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. ముందు మూడేళ్ళు, తరవాత ఐదేళ్ళు, ఆపైన ఏకంగా 19 ఏళ్ళు, మళ్ళీ 15 ఏళ్ళు. మొదటి చిత్రం విడుదలైన ఏడాది పుట్టిన పిల్ల, ఐదోది వచ్చేనాటికి 42 ఏళ్ళ ఇల్లాలు. ఐదింటిలోనూ హీరో ఒక్కడే, హారిసన్ ఫోర్డ్. మొదటిది వచ్చినప్పుడు ఆయన వయసు 38. చివరిది వచ్చినప్పుడు 80.

ఎందుకింత ఆలస్యమైంది? డబ్బు లేక కాదు, మొదటి మూడూ బ్రహ్మాండంగా ఆడాయి. చూసేవాళ్ళు లేకా కాదు, జనం అడుగుతూనే ఉన్నారు. మరి ఎక్కడ ఆగింది? అది తెలియాలంటే కథ పుట్టిన చోటికి వెళ్ళాలి.

1977 మే నెలలో జార్జ్ లూకాస్ తీసిన 'స్టార్ వార్స్' విడుదలైంది. ఆడుతుందో ఆడదో అన్న బెంగతో ఆయన ఊళ్ళో ఉండలేక హవాయి దీవులకు వెళ్ళిపోయాడు. స్నేహితుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ కూడా అక్కడికి వచ్చాడు. సముద్రపు ఒడ్డున కబుర్లలో స్పీల్‌బర్గ్ తనకు జేమ్స్ బాండ్ సినిమా తీయాలని ఉందన్నాడు. అంతకంటే మంచిది తన దగ్గరుందని లూకాస్ ఈ ప్రొఫెసరు కథ చెప్పాడు. అలా కథ లూకాస్‌ది, దర్శకత్వం స్పీల్‌బర్గ్‌ది అయింది. హీరోగా మొదట టామ్ సెలెక్ అనే నటుణ్ణి అనుకున్నారు. ఆయనకు టీవీ సీరియల్ ఒప్పందం అడ్డొచ్చింది. ఆ చోటికి హారిసన్ ఫోర్డ్ వచ్చాడు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఈ ముగ్గురూ 'సరే' అంటేనే బండి కదిలేది. ఏ ఒక్కరు తల అడ్డంగా ఊపినా అక్కడే ఆగిపోయేది. ఉమ్మడి ఇల్లు అమ్మాలన్నా, కట్టాలన్నా అన్నదమ్ములు ముగ్గురి సంతకాలూ పడాలి కదండీ! పెద్దాయన ఒప్పుకునేసరికి రెండో ఆయన ఊళ్ళో ఉండడు. ఆయన వచ్చేసరికి మూడో ఆయనకు మనసు మారుతుంది. ఎవరిలోనూ చెడ్డతనం ఉండదు, కాని ఇల్లు అలాగే ఉండిపోతుంది.

మొదట్లో ముగ్గురూ కుర్రవాళ్ళు, ఉత్సాహం మీదున్నారు. మొదటి సినిమాను స్పీల్‌బర్గ్ అనుకున్న గడువుకంటే ముందే, 73 రోజుల్లో చిత్రీకరించేశాడు. దానికైన ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు. అది విజయవంతం కాగానే రెండోదానికి పూనుకున్నారు. ఆ కథ జరిగేది మన దేశంలోనే, 1935లో.

ఇక్కడే చిన్న చిక్కొచ్చింది. వాళ్ళు మన ఉత్తరాదిలో చిత్రీకరణ జరపాలని అనుమతి అడిగారు. కథ చూసిన మన ప్రభుత్వం, భారతీయుల్ని కించపరిచేలా ఉంది, మార్చమంది. వాళ్ళు మార్చలేదు, శ్రీలంకకు వెళ్ళి కాండీ పరిసరాల్లో తీసుకున్నారు. తరవాత కొంతకాలం ఆ సినిమా మన దేశంలో నిషేధానికి గురైంది కూడా. రాజుగారి విందులో అతిథులకు పాములూ పురుగులూ కోతి మెదడూ వడ్డించినట్టు, కాళికాదేవి పేరిట నరబలులు ఇచ్చినట్టు చూపిస్తే మనకు కష్టంగా ఉండదూ? ఆ చిత్రంలో ప్రధాన దుష్టుడు మోలా రామ్ వేషం కట్టింది మన అమ్రీష్ పురి. అవునండీ, 1990లో వచ్చిన మన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మహాద్రష్టగా పిల్లల్ని హడలగొట్టిన ఆయనే. మోలా రామ్ వేషం కోసం ఆయన గుండు గీయించుకున్నాడు.

ఆ చిత్రీకరణలోనే ఫోర్డ్ నడుము దెబ్బతింది. వెన్నుపూసల మధ్య డిస్కు జారి, ఆపరేషన్ కోసం అమెరికాకు విమానంలో వెళ్ళవలసి వచ్చింది. ఆయన కోలుకునేదాకా కొన్ని వారాలపాటు, ఆయనకు బదులుగా ప్రమాదకరమైన ఘట్టాల్లో చేసే విక్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయనతో వీపు వైపు నుంచి, దూరం నుంచి తీసుకుంటూ పని నెట్టుకొచ్చారు. అప్పుడు ఫోర్డ్‌కి దాదాపు 41 ఏళ్ళు. సాహస చిత్రాల వరసలో ఎదురుచూపు ఎందుకు ఖరీదైనదో ఇక్కడే అర్థమవుతుంది. రచయితకు వయసు పెరిగితే కలం పదునెక్కవచ్చు. గుర్రమెక్కి దూకవలసిన హీరోకి మాత్రం ప్రతి ఏడాదీ లెక్కే.

మూడో సినిమాకి ఐదేళ్ళు పట్టింది. ఈ మధ్యలో స్పీల్‌బర్గ్ 'ది కలర్ పర్పుల్', 'ఎంపైర్ ఆఫ్ ది సన్' అనే గంభీరమైన చిత్రాలు తీశాడు. దయ్యాల కోట కథ ఒకటి అనుకున్నారు, వద్దనుకున్నారు. ఆఫ్రికాలో జరిగే కథ ఒకటి రాయించారు, అదీ నచ్చలేదు. ఆఖరికి హీరోకి ఒక తండ్రిని పెడదామని, తండ్రీకొడుకుల మధ్య పలకని ప్రేమను చూపిద్దామని స్పీల్‌బర్గ్ అన్నాకే కథకు ప్రాణం వచ్చింది. ఆ సమయంలో ఆయన 'రెయిన్ మ్యాన్' అనే మరో చిత్రానికి దర్శకత్వం వహించేందుకు సిద్ధమవుతున్నాడు. లూకాస్‌కి ఇచ్చిన మాట కోసం దాన్ని వదిలేశాడు. వేరొకరు తీసిన ఆ 'రెయిన్ మ్యాన్' 1988లో విడుదలై ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. మాట నిలబెట్టుకోవడానికి ఒక్కోసారి అంత మూల్యం చెల్లించవలసి వస్తుంది మరి!

తండ్రి వేషం వేసినాయన షాన్ కానరీ, మొదటి జేమ్స్ బాండ్. తండ్రి వయసుకీ కొడుకు వయసుకీ నిజానికి తేడా 12 ఏళ్ళే. అయినా తెర మీద వాళ్ళిద్దరి సణుగుళ్ళూ చూస్తే అచ్చం మన ఇళ్ళల్లో తండ్రీకొడుకుల్లాగే ఉంటారు. ఆ సినిమా చివర్లో అందరూ గుర్రాల మీద అస్తమించే సూర్యుడి వైపు వెళ్ళిపోతారు. పేరులోనే 'లాస్ట్' అని ఉంది. ఇక కథ కంచికి చేరిందనే అందరూ అనుకున్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన 'బాహుబలి' మొదటి భాగం 2015లో వచ్చినప్పుడు, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నను మధ్యలో వదిలేశారు. జనం ఊరుకుంటారా? 2017లో రెండో భాగంతో జవాబు చెప్పారు. అది ప్రేక్షకులకు పడిన బాకీ లాంటిది, తీర్చక తప్పదు. ఇండియానా జోన్స్ కథలు అలా కావు. ఏ చిత్రానికి ఆ చిత్రం పూర్తవుతుంది. ముడి వీడిపోతుంది, దుష్టుడు పోతాడు, ఇంటికి వెళ్ళిపోతాం. బాకీ లేనప్పుడు గడువూ ఉండదు. గడువు లేని పని ఎలా సాగుతుందో మనకు తెలియనిదా? 'ఈ దీపావళికి అటక సర్దుదాం' అనుకున్న పని ఎన్ని దీపావళులు చూస్తుందో మీరే చెప్పండి.

ఇక అసలు 19 ఏళ్ళ కథకు వద్దాం. 1990ల మొదట్లో లూకాస్ ఈ ప్రొఫెసరు చిన్ననాటి సాహసాలతో టీవీ సీరియల్ తీశాడు. అందులో ఒక భాగంలో ఫోర్డ్ వయసు పైబడిన జోన్స్‌గా కాసేపు కనిపించాడు. అది చూస్తే లూకాస్‌కి ఆలోచన తట్టింది. హీరో పెద్దవాడయ్యాడు కనక కథను 1950లకు జరుపుదాం, ఆ రోజుల్లో జనం మోజుపడ్డ గ్రహాంతరవాసుల్ని తెద్దాం అన్నాడు. స్పీల్‌బర్గ్‌కి అది రుచించలేదు, ఫోర్డ్‌కీ రుచించలేదు. అయినా రచయితల చేత రాయించడం మొదలుపెట్టారు. ఈలోగా 1996లో గ్రహాంతరవాసులు భూమి మీద దాడి చేసే 'ఇండిపెండెన్స్ డే' అనే చిత్రం వచ్చి విపరీతంగా ఆడింది. మళ్ళీ అలాంటిదే తీయనని స్పీల్‌బర్గ్ పక్కకు తప్పుకున్నాడు.

ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు. స్పీల్‌బర్గ్ 1993లో ఒకే ఏడాది 'జురాసిక్ పార్క్', 'షిండ్లర్స్ లిస్ట్' రెండూ ఇచ్చాడు. 1998లో 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' తీశాడు. లూకాస్ 1999, 2002, 2005లలో మూడు 'స్టార్ వార్స్' చిత్రాలు తీశాడు. ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. మనం కూడా అంతే కదూ! చెల్లెలికి నాలుగు ముక్కలు రాయడానికి నెలల తరబడి తీరదు. తీరక ఏం చేశామయ్యా అంటే పనులే చేశాం.

మరి మళ్ళీ కదిలించిందెవరు? 2000 సంవత్సరంలో స్పీల్‌బర్గ్ కొడుకే తండ్రిని పట్టుకుని, ఇంకో ఇండియానా జోన్స్ ఎప్పుడొస్తుందని అడిగాడట. పెద్ద పెద్ద కంపెనీలు చేయలేని పని ఇంట్లో పిల్లాడి ప్రశ్న చేసింది! అదే ఏడాది ముగ్గురూ కలుసుకుని తీద్దామనుకున్నారు. అయినా ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది. కేరళ తీరంలోని మాహేలో పుట్టి అమెరికాలో పెరిగిన మనోజ్ నైట్ శ్యామలన్‌ని రాయమన్నారు. అంత అభిమానించిన చిత్రానికి తరువాయి రాయడం ఆయనకు మోయలేని బరువైంది, ముగ్గురి దృష్టినీ ఒకచోట నిలపడం కష్టమని కూడా ఆయనకు అనిపించింది. తరవాత ఫ్రాంక్ డారబాంట్ అనే ఆయన కూర్చుని రాశాడు. స్పీల్‌బర్గ్‌కి ఎంతో నచ్చింది. లూకాస్‌కి నచ్చలేదు. మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకా ఇద్దరు రచయితల చేతులు మారాక, 2007 జూన్‌లో కెమెరా తిరిగింది. 2008 మేలో సినిమా వచ్చింది. హీరోకి 65 నిండాయి. మన దగ్గరైతే ఉద్యోగస్థులు రిటైరై, పెన్షను తీసుకుంటూ మనవల్ని బడికి దింపే వయసు.

ఈ 19 ఏళ్ళలో ఏం జరిగిందో చూడండి. జోన్స్ స్నేహితుడిగా, మతిమరుపు పెద్దమనిషిగా నవ్వించిన డెన్హోమ్ ఎలియట్ 1992లో కన్నుమూశాడు. మూడో చిత్రంలో కుర్ర జోన్స్‌గా వేసిన రివర్ ఫీనిక్స్ 1993లో, 23 ఏళ్ళకే చనిపోయాడు. షాన్ కానరీని మళ్ళీ తండ్రిగా రమ్మని అడిగితే, విశ్రాంతి జీవితమే హాయిగా ఉందని రానన్నాడు. నాలుగో సినిమాలో ప్రొఫెసరు బల్ల మీద ఆ ఇద్దరు పెద్దవాళ్ళ ఫోటోలు కనిపిస్తాయి. కథలో వాళ్ళు పోయారన్నమాట. వేలమంది పనిచేసే సినిమా, కోట్ల డాలర్ల ఖర్చు, అయినా ఆ రెండు కుర్చీలూ నింపలేకపోయారు.

తీసినవాళ్ళు ఒక తెలివైన పని చేశారు. ఆలస్యాన్ని దాచిపెట్టాలని చూడలేదు, కథలోనే కలుపుకున్నారు. మూడో చిత్రం కథ 1938లో జరుగుతుంది, నాలుగోది 1957లో. అంటే సరిగ్గా 19 ఏళ్ళు. బయట ఎన్నేళ్ళు గడిచాయో తెర మీదా అన్నేళ్ళే గడిచాయి. శత్రువులు కూడా మారారు, జర్మన్ నాజీల స్థానంలో రష్యావాళ్ళు వచ్చారు. మొదటి చిత్రంలో కథానాయిక మారియన్‌గా వేసిన కారెన్ అలెన్ 27 ఏళ్ళ తరవాత అదే పాత్రలో తిరిగొచ్చింది. ముఖాన ముడతలున్నాయి, నవ్వు మాత్రం అదే. నాకైతే ఆ చిత్రంలో అన్నిటికన్నా నచ్చింది ఆవిడే.

ఇక ఐదోదాని ఆలస్యం వేరే రకం. 2012లో లూకాస్ తన కంపెనీని డిస్నీ సంస్థకు 400 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మేశాడు. అప్పుడు ముగ్గురి మాటలోకి నాలుగో మనిషి వచ్చాడు, కంపెనీ. 2016లో ప్రకటన చేశారు, 2019 జూలైలో వస్తుందన్నారు. తరవాత 2020 అన్నారు, 2021 అన్నారు, 2022 అన్నారు. మన ఊళ్ళో మురుగుకాలవ పనుల ప్రారంభోత్సవం తేదీల్లాగ! కథ కుదరలేదు. 2020లో స్పీల్‌బర్గ్ దర్శకత్వం నుంచి తప్పుకుని జేమ్స్ మాంగోల్డ్ అనే ఆయనకు అప్పగించాడు. అంతలో కోవిడ్ వచ్చింది. 2021లో చిత్రీకరణ మొదలుపెడితే పోరాట ఘట్టం సాధన చేస్తూ ఫోర్డ్ భుజం గాయపడింది. ఆఖరికి 2023 జూన్ 30న అమెరికాలో విడుదలైంది. ఐదు చిత్రాలకూ సంగీతం కూర్చిన జాన్ విలియమ్స్ వయసు అప్పటికి 91.

ఆ చిత్రం మొదట్లో కథ 1944లో సాగుతుంది. కంప్యూటర్ల సాయంతో, పాత సినిమాల్లోని ఫోర్డ్ ముఖాన్ని ఆధారం చేసుకుని ఆయన్ను కుర్రవాణ్ణి చేశారు. ముఖం కుర్రదే, గొంతు మాత్రం ముసలిది. జుట్టుకు రంగు వేయవచ్చు, మాటలోని వయసును దాచడం కష్టమండీ! ఆ తరవాత కథ 1969కి వస్తుంది. అక్కడ ఆయన ముసలి ప్రొఫెసరు, రిటైరవుతున్నాడు, కొడుకు యుద్ధంలో పోయాడు. చిత్రమేమిటంటే ఈసారి అందరూ వెతికే వస్తువు కూడా కాలానికి సంబంధించిందే. ప్రాచీన గ్రీకు మేధావి ఆర్కిమిడిస్ చేశాడని కథలో చెప్పే యంత్రం అది.

మరి అందరూ జేమ్స్ బాండ్‌లా చేయవచ్చుగా అంటారా? ఆ వరస 1962లో మొదలైంది. 2021 వరకూ వచ్చిన అసలు వరసలో ఆరుగురు నటులు మారారు. ఒకాయన పెద్దవాడైతే ఇంకొకాయన వస్తాడు, బాండ్ వయసు మాత్రం పెరగదు. ఈ సౌకర్యం ఇండియానా జోన్స్‌కి లేకపోయింది. జనం దృష్టిలో ఆ టోపీ, ఆ వంకర నవ్వు ఫోర్డ్‌వే. ఆయన లేనిదే పెద్దవాడైన జోన్స్ లేడు. బాండ్ అన్నది ఒక ఉద్యోగం లాంటిది, మనిషి మారినా కుర్చీ ఉంటుంది. జోన్స్ ఇంటి మనిషి లాంటివాడు. ఇంటి మనిషికి బదులు మనిషి ఉండడు.

ఇంత ఎదురుచూసి వచ్చినవాటికి ఫలితం ఎలా ఉంది? నాలుగో చిత్రం ప్రపంచమంతటా సుమారు 79 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అయినా పాత అభిమానులు చాలామంది పెదవి విరిచారు. ఐదోదానికి దాదాపు 30 కోట్ల డాలర్లు ఖర్చయిందని పత్రికలు రాశాయి, వసూళ్ళు సుమారు 38 కోట్లు. ప్రకటనల ఖర్చు, థియేటర్ల వాటా తీసేస్తే అది నష్టమే. సినిమా మరీ బాగాలేకనా? నాకలా అనిపించదు. పందొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మనిషి పోల్చుకునేది తన చిన్నతనంతో. అన్నయ్యతో కలిసి థియేటర్లో కూర్చుని చూసిన ఆ రోజుతో. ఏ సినిమా వచ్చి ఆ రోజును మళ్ళీ తెచ్చి ఇస్తుంది?

ఈ కాలం పిల్లలకు ఈ బాధ లేదు. మొన్న దసరా సెలవుల్లో మా అబ్బాయి ఈ ఐదు చిత్రాలనూ మూడు రోజుల్లో చూసేశాడు. మూడోది రాత్రి చూసి పడుకున్నాడు, నాలుగోది పొద్దున్నే కాఫీల వేళకు మొదలెట్టాడు. చూస్తూ చూస్తూ, "అమ్మా! ఈయనకు రాత్రికి రాత్రి జుట్టెలా నెరిసిందే?" అన్నాడు. మా వారు పేపరు చాటునుంచి, "మాక్కూడా అలాగే నెరిసిందిరా" అన్నారు. నవ్వేశాం గాని, ఆ మాట చాలాసేపు నా మనసులో ఉండిపోయింది.

ఆలస్యం వల్ల మంచి జరగలేదా అంటే, జరిగిన చోటు ఒకటుంది. రెండో చిత్రంలో జోన్స్ వెంట తిరిగే చిన్న కుర్రాడు గుర్తున్నాడా? ఆ పిల్లాడి పేరు కె హుయ్ క్వాన్. వియత్నాంలో పుట్టి, కాందిశీకుల శిబిరం చూసి, కుటుంబంతో అమెరికా చేరినవాడు. వేషం కోసం వెళ్ళింది వాళ్ళన్నయ్య, తోడుగా వెళ్ళిన ఇతను ఎంపికయ్యాడు. పెద్దయ్యాక తగిన వేషాలు రాక నటన మానేసి, చాలా ఏళ్ళు కెమెరా వెనక పనిచేశాడు. యాభై ఏళ్ళు దగ్గర పడుతుండగా మళ్ళీ నటించాడు. 2023 మార్చిలో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. ఆ రాత్రే అతని సినిమాకు ఉత్తమ చిత్రం బహుమతి ప్రకటించి అందించింది ఎవరనుకున్నారు? హారిసన్ ఫోర్డ్! వేదిక మీద ఇద్దరూ కావలించుకున్నారు. దాదాపు నలభై ఏళ్ళ నాటి ప్రొఫెసరూ, ఆయన వెంట తిరిగిన పిల్లాడూ.

సోదరీమణులారా, ఇందులోంచి నాకు తోచింది చెబుతాను. ఆలస్యాలన్నీ ఒక్కటి కావు. కొన్ని పనులు ఎప్పుడు చేసినా చెడవు. నలభై ఏళ్ళకి చదువు మొదలుపెట్టినా అది చదువే, యాభై ఏళ్ళకి సంగీతం నేర్చుకున్నా అది సంగీతమే. కె హుయ్ క్వాన్‌ని చూశాం కదా! అలాంటి పనికి 'వయసైపోయింది' అని తలుపు వేసుకోకండి.

కాని మనుషులతో ముడిపడిన పనులు వేరు. అందరం కలిసి ఒక గ్రూపు ఫోటో తీయించుకుందామని ఎన్ని ఇళ్ళల్లో అనుకుంటారో! పెద్దబ్బాయి అమెరికా నుంచి వచ్చాక అంటారు. వచ్చేసరికి చిన్నమ్మాయి పురిటికి వెళ్ళి ఉంటుంది. ఆమె వచ్చేసరికి ఇల్లు సున్నం వేయించాక అంటారు. చివరికి అందరూ కలిసేది బామ్మగారి దినవారాలకు. అప్పుడు ఫోటో తీస్తారు, కుర్చీ మధ్యలో ఖాళీగా ఉంటుంది. అత్తగారి చేతి ఆవకాయ కొలతలు రాసుకుందామని, నాన్నగారి చిన్ననాటి కబుర్లు ఫోన్‌లో రికార్డు చేద్దామని వాయిదా వేసేవాళ్ళం మనలో ఎంతమంది లేరు?

ముగ్గురు మహా ప్రతిభావంతులు మంచి కథ కోసం ఆగారు. వాళ్ళను తప్పుపట్టను. నచ్చని కథ తీయకపోవడమూ ఒక నిజాయితీయే. కాని అన్నీ కుదిరేదాకా ఆగితే, కుదరవలసిన మనుషులే తగ్గిపోతారు. అందుకని అందరూ కుదరకపోయినా, ఉన్నవాళ్ళతోనే ఈ ఆదివారం ఆ ఫోటో తీయించుకోండి. రానివాళ్ళు వచ్చినప్పుడు ఇంకోటి తీయించుకోవచ్చు. కథ 'సశేషం' అని ఆగితే ఫరవాలేదు, మనుషుల విషయంలో మాత్రం వచ్చే వారమని వాయిదా వేయకండి.